రంగులు కొత్తవి... వైర్లు పాతవి!

ఏప్రిల్ నెల. ఎండలు ముదిరాయి. ఊళ్లో అమ్మానాన్నా ఉక్కపోతతో అల్లాడిపోతున్నారని బెంగళూరులో ఉన్న కొడుక్కి ఒకటే బెంగ. ఒకటిన్నర టన్నుల ఏసీ కొని ఇంటికి పంపిస్తాడు. బిగించడానికి వచ్చిన కుర్రాడు గోడకి రంధ్రం పెట్టి, పడగ్గదిలో ఉన్న ప్లగ్గులోంచే కనెక్షన్ లాగి, మంచినీళ్లు తాగి వెళ్లిపోతాడు. ఆ రాత్రి ఎన్నాళ్లకో పెద్దాయన దుప్పటి కప్పుకొని పడుకుంటాడు. 'మావాడు పంపించాడు' అని పక్కింటివాళ్లకి చెప్పుకొని పెద్దావిడ మురిసిపోతుంది.

వారం తిరిగేసరికి స్విచ్‌బోర్డు దగ్గర ఏదో మాడిన వాసన. 'కొత్తది కదా, అలాగే ఉంటుందిలే' అని సరిపెట్టుకుంటారు. మధ్యమధ్యలో ఫ్యూజు పోతూ ఉంటుంది. వీధి చివర కరెంటు పనిచేసే అబ్బాయి వచ్చి, మాటిమాటికీ పోకుండా కాస్త లావుపాటి తీగ చుట్టి వెళ్తాడు. ఇక ఫ్యూజు పోదు. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

నిజానికి భయపడాల్సింది అప్పుడే!

ఇలాంటి ఇల్లు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. రాజమండ్రిలో పెంకుటిల్లు కావచ్చు, వరంగల్లో డాబా కావచ్చు, హైదరాబాదులో ముప్ఫై అయిదేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంటు కావచ్చు. పండక్కో పెళ్లికో గోడలకు రంగులు వేయిస్తారు. నేలకు టైల్సు వేయిస్తారు. వంటింటి గట్టు మారుస్తారు. గోడ లోపల ఉన్న వైరు మాత్రం ఇల్లు కట్టిన రోజున వేసిందే ఉంటుంది. కంటికి కనిపించదు కాబట్టి ఎవరికీ గుర్తు రాదు.

అప్పటి లెక్క వేరు
1970ల్లో ఒక మధ్యతరగతి ఇంట్లో కరెంటు వాడకం ఎంత? నాలుగు అరవై క్యాండిళ్ల బల్బులు, రెండు సీలింగు ఫ్యాన్లు, ఒక రేడియో. అన్నీ ఒకేసారి వేసినా 400 వాట్లు దాటడం కష్టం. అంటే వైర్లలో పారే కరెంటు రెండు ఆంపియర్ల లోపే. ఆ లెక్క ప్రకారమే అప్పటి మేస్త్రీలు సన్నపాటి వైర్లు వేశారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇప్పుడు అదే ఇంటికి ఒకటిన్నర టన్నుల ఏసీ వచ్చింది. అది ఒక్కటే సుమారు ఏడు ఆంపియర్లు లాగుతుంది. రెండు కిలోవాట్ల గీజరు తొమ్మిదికి దగ్గరగా. ఇండక్షన్ పొయ్యి మరో తొమ్మిది. ఇస్త్రీ పెట్టె నాలుగు. పొద్దున్నే పిల్లలు స్కూలుకీ పెద్దలు ఆఫీసుకీ వెళ్లే హడావుడిలో ఇవన్నీ ఒకేసారి నడిస్తే ముప్ఫై ఆంపియర్లకు చేరువవుతుంది. రెండు ఎక్కడ, ముప్ఫై ఎక్కడ!

వైరులో కరెంటు రెట్టింపయితే పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలయితే తొమ్మిదింతలు. ఇళ్లలో వాడే మామూలు పీవీసీ వైరు పైతొడుగు 70 డిగ్రీల వేడిని మాత్రమే నిలకడగా తట్టుకోగలదు. అది దాటినకొద్దీ తొడుగు గట్టిపడి, పెళుసుబారి, చివరకు పగుళ్లిస్తుంది. ఇదంతా ఒక్క రోజులో జరగదు. ఏళ్ల తరబడి గోడ లోపల చప్పుడు లేకుండా జరిగిపోతుంటుంది.

గోడలో ఏముంది?
బాగా పాత ఇళ్లలో చెక్క బద్దల మీద క్లిప్పులు కొట్టి లాగిన వైర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్నింటికి రబ్బరు తొడుగు, దానిమీద నూలు అల్లిక ఉంటాయి. దశాబ్దాలు గడిచాక ఆ రబ్బరు చేత్తో ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. పెంకుటిళ్లలో అయితే అటక మీద ఎలుకల పుణ్యమా అని కొన్నిచోట్ల ఆ తొడుగు కూడా మిగలదు. కింద దూలాలు, వాసాలు అన్నీ ఎండిన కలపే.

ఆ తరువాతి కాలంలో చాలా ఇళ్లకు అల్యూమినియం వైర్లు వేశారు. రాగి కన్నా చౌక కాబట్టి. అల్యూమినియంతో వచ్చిన చిక్కంతా అతుకుల దగ్గరే. వేడెక్కినప్పుడు అది రాగికన్నా ఎక్కువ సాగుతుంది, చల్లారాక ముడుచుకుంటుంది. ఇలా సాగీ ముడుచుకొనీ స్క్రూ దగ్గర వదులవుతుంది. గాలి తగిలి దానిపై ఏర్పడే పొర కరెంటును సరిగా పారనివ్వదు. వదులైన చోట నిప్పురవ్వలు పుడతాయి. పాత అల్యూమినియం వైరుకి కొత్త రాగి వైరు మెలిపెట్టి టేపు చుట్టేస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఏసీ బిగించే హడావుడిలో ఎక్కువగా జరిగేది అదే.

ఫ్యూజు సంగతి మరీ విచిత్రం. వైరు తట్టుకోలేనంత కరెంటు వచ్చినప్పుడు తాను కరిగిపోయి ఇంటిని కాపాడటమే ఫ్యూజు తీగ పని. 'మాటిమాటికీ పోతోంది' అని దానికి లావు తీగ చుట్టడమంటే, అరుస్తోందని కాపలా కుక్క నోరు కట్టేయడమే! ఇక కరిగేది ఫ్యూజు కాదు, గోడలోని వైరు.

మూడో కాలు లేని ఇల్లు
పాత ఇళ్లలో మరో లోటు ఎర్తింగు. రెండు రంధ్రాల ప్లగ్గులే ఉన్న ఇంట్లో ఫేజు, న్యూట్రలు తప్ప మూడో వైరు ఉండదు. ఉన్నచోట కూడా పెరట్లో ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేసి పూడ్చిన ఎర్తు గుంట ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. వేసవిలో దానికి ఓ బిందెడు నీళ్లు పోసే అలవాటు ఒకప్పుడు ఉండేది. ఆ గుంట మీద గచ్చు చేసేసి, బండి పెట్టుకునే చోటుగా మార్చేసిన ఇళ్లెన్నో.

ఫ్రిజ్జు తలుపు పట్టుకుంటే జివ్వుమంటుంది. గీజరు వేసినప్పుడు కుళాయి తాకితే చిన్న షాకు. 'చెప్పులేసుకొని ముట్టుకోండి' అని ఇంటిల్లిపాదికీ జాగ్రత్త చెబుతారు తప్ప కారణం వెతకరు. కొందరు పనివాళ్లు ప్లగ్గులోనే ఎర్తు రంధ్రాన్ని న్యూట్రలుకి చిన్న వైరు ముక్కతో కలిపేసి 'ఎర్తింగు అయిపోయింది' అంటారు. దానికన్నా ప్రమాదం మరొకటి లేదు. ఎక్కడైనా న్యూట్రలు తెగితే ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్ల ఇనుప ఒళ్లంతా కరెంటే.

మరి బీమా?
ఇక్కడే ఓ చిత్రమైన సంగతి ఉంది. కొత్త ఫ్లాటుకు బీమా ఉంటుంది. ఎందుకంటే గృహరుణం ఇచ్చేటప్పుడు చాలా బ్యాంకులు పాలసీ కూడా అంటగడతాయి. తాతలనాటి ఇంటికి అప్పుండదు కాబట్టి అడిగేవాళ్లూ ఉండరు. ఫలితం... ముప్పు తక్కువున్న ఇంటికి రక్షణ ఉంది, ఎక్కువున్న ఇంటికి లేదు. కారుకి ఏటా ఠంచనుగా బీమా కట్టే ఇంట్లో కూడా ఆ కారు నిలబెట్టిన ఇంటికి పాలసీ కనిపించదు.

మనదేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీ అందుబాటులోకి వచ్చింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు ఖరారు చేసింది కాబట్టి ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా మౌలిక రక్షణ ఒకటే. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద, భూకంపం, అల్లర్లు వంటివన్నీ ఇందులోకి వస్తాయి. దొంగతనానికి మాత్రం, ఇలాంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు జరిగితేనే వర్తిస్తుంది.

ఇంటి విలువ కట్టే పద్ధతి తెలుసుకోవాలి. స్థలం ఖరీదుతో దీనికి పని లేదు. ఎంత కాలినా స్థలం ఎక్కడికీ పోదు కదా. లోపలి విస్తీర్ణాన్ని ఇవాళ్టి నిర్మాణ ఖర్చుతో హెచ్చిస్తారు. వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, అడుగుకి రెండు వేల రూపాయల ఖర్చు అనుకుంటే 20 లక్షలు. ఇంట్లోని మామూలు సామానుకి దానిలో 20 శాతం, అంటే 4 లక్షల రక్షణ తనంతట తానే వస్తుంది. దీనికి గరిష్ఠ పరిమితి 10 లక్షలు. నగలు, ఖరీదైన కళాఖండాల వంటివాటికి విడిగా రాయించుకోవాలి. నగదుకు వర్తించదు. అద్దెకున్నవాళ్లు సామాను వరకే పాలసీ తీసుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

చిన్నక్షరాల్లో షార్ట్ సర్క్యూట్
'పాలసీ ఉందిగా, షార్ట్ సర్క్యూట్ అయితే మొత్తం ఇస్తారు' అనుకోవడం సగమే నిజం. విద్యుత్ పరికరం కానీ, ఫిట్టింగు కానీ అధిక వోల్టేజి వల్లో, షార్ట్ సర్క్యూట్ వల్లో, తనలో తాను వేడెక్కడం వల్లో పాడైతే ఆ పరికరానికి పరిహారం ఉండదు. మినహాయింపు ఆ ఒక్క వస్తువుకే. దాన్నుంచి మంట లేచి మిగతావి కాలితే వాటికి పరిహారం అడగవచ్చు.

ఉదాహరణకు ఫ్రిజ్జులో షార్ట్ అయి అదొక్కటే మాడిపోయిందనుకోండి, రూపాయి రాదు. ఆ మంట కర్టెనుకి అంటుకొని, సోఫా, బీరువా, పైకప్పు కాలితే వాటి నష్టానికి పరిహారం వస్తుంది, ఫ్రిజ్జుకి మాత్రం రాదు. అంటే పాత వైరింగు మార్చే ఖర్చును ఏ బీమా కంపెనీ నెత్తినా వేయలేం. అది ఇంటివాళ్లు పెట్టుకోవాల్సిందే. పరికరాలు వాటంతటవి పాడవడానికి కొన్ని కంపెనీలు వేరే రక్షణ అమ్ముతాయి. అయితే ఎన్నేళ్ల పాత వస్తువు వరకు ఇస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి.

మరో మాట. దరఖాస్తులో ఇంటి వయసు, కట్టడం రకం, విస్తీర్ణం అడిగినప్పుడు ఉన్నదున్నట్టు రాయాలి. యాభై ఏళ్ల ఇంటిని పాతికేళ్లదని రాస్తే ప్రీమియంలో మిగిలేది కొద్దిపాటి సొమ్ము. రేపు ప్రమాదం జరిగి సర్వేయరు వచ్చినప్పుడు ఆ ఒక్క అబద్ధమే మొత్తం పరిహారానికి అడ్డం పడొచ్చు. ఏజెంటు నింపిన దరఖాస్తయినా సంతకం ఇంటి యజమానిదే. చదివాకే పెట్టాలి.

అక్కడ ముందు అడుగుతారు
అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు పాత ఇల్లు కొనబోయినప్పుడు వైరింగు గురించి మొదటిసారి వింటారు. అక్కడ 1930ల వరకూ, కొన్నిచోట్ల 1940ల్లోనూ పింగాణీ గుబ్బల మీదుగా, పింగాణీ గొట్టాల్లోంచి విడివిడి వైర్లు లాగే పద్ధతి ఉండేది. అందులో ఎర్తు వైరు లేదు. 1965 నుంచి 1973 వరకు కట్టిన చాలా ఇళ్లలో అల్యూమినియం వైర్లు వేశారు. 1972కి ముందు తయారైన అల్యూమినియం వైరున్న ఇళ్లలో, ప్లగ్గుల దగ్గరి అతుకులు నిప్పు పుట్టేంత ప్రమాద స్థితికి చేరే అవకాశం రాగి వైరున్న ఇళ్లకన్నా 55 రెట్లు ఎక్కువని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం చెప్పింది.

అందుకే ఇలాంటి ఇంటికి పాలసీ అడిగితే అక్కడ చాలా కంపెనీలు ముందు తనిఖీ నివేదిక అడుగుతాయి. కొన్ని వైరింగు మార్చాకే రమ్మంటాయి, కొన్ని ప్రీమియం పెంచుతాయి. ఫ్లోరిడాలో పాత ఇళ్లకు పైకప్పు, వైరింగు, నీటి గొట్టాలు, ఏసీ వ్యవస్థ... ఈ నాలుగింటినీ పరీక్షించి నివేదిక ఇవ్వడం మామూలు. కొనేవాళ్లకు అది తలనొప్పిలానే అనిపిస్తుంది. కానీ బీమా కోసం తిరిగిన తిరుగుడులోనే ఇంట్లో ఉన్న లోపం బయటపడుతుంది.

మనదగ్గర సాధారణంగా గోడలోని వైరు గురించి ముందు అడిగేవాళ్లు తక్కువ. నిప్పు ఆరాక అడుగుతారు. కాబట్టి ఆ అడిగే పనేదో ఇంటివాళ్లే పెట్టుకోవాలి.

ఇల్లే చెబుతుంది
చాలాసార్లు ప్రమాదం చెప్పకుండా రాదు. స్విచ్‌బోర్డు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండటం, ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మరక, మాడిన ప్లాస్టిక్ వాసన, స్విచ్ వేసినప్పుడు చిటపటలు, మోటారు ఆన్ చేయగానే లైట్లు మసకబారడం, ఫ్యూజు తరచూ పోవడం, కుళాయి తాకితే షాకు... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ లైను వాడకం ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

వచ్చినవాడు టెస్టరు గుచ్చి చూసి 'బాగానే ఉంది' అంటే సరిపోదు. టెస్టరు కరెంటు ఉందో లేదో చెబుతుంది, వైరు ఆరోగ్యం చెప్పదు. దానికి మెగ్గరు అనే పరికరం ఉంది. మెయిన్ ఆపేసి 500 వోల్టులతో వైరు తొడుగును పరీక్షిస్తారు. రీడింగు ఒక మెగాఓము కన్నా తగ్గితే ఆ వైరు పని అయిపోయినట్టే. ప్రభుత్వ విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు నుంచి అనుమతి పొందిన కాంట్రాక్టరు అయితే ఈ పరీక్ష చేసి కాగితం కూడా ఇవ్వగలుగుతాడు.

వైరింగు మార్పించడమంటే ఇల్లంతా పగలగొట్టాలనే భయం అక్కర్లేదు. గోడమీదే ప్లాస్టిక్ పట్టీల్లో కొత్త వైర్లు లాగొచ్చు. అన్నీ ఒకేసారి కుదరకపోతే విడతలుగా చేసుకోవచ్చు. మొదట మెయిన్ బోర్డు, ఎర్తింగు. తరువాత ఏసీకి, గీజరుకి, వంటింటికి వేటికవే విడి లైన్లు. ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించడం మేలు. మన పనివాళ్ల భాషలో దాన్నే 'సెవెన్ ట్వెంటీ' అంటారు. లైట్లు, ఫ్యాన్ల పాత లైన్లు చివర్లో మార్చినా ఫర్వాలేదు, పరీక్షలో నెగ్గితేనే సుమా.

కరిగే ఫ్యూజుల స్థానంలో ఎంసీబీలు రావాలి. వాటితోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా ఒకటి పెట్టించాలి. ఈ రెండూ ఒకటి కాదు. ఎంసీబీ వైరుని కాపాడుతుంది. ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. కరెంటు ఎక్కడైనా లీకై మనిషి ఒంట్లోంచి పోతుంటే కన్నుమూసి తెరిచేలోగా సరఫరా ఆపేస్తుంది. దానిమీద ఉన్న 'టెస్ట్' మీట అలంకారానికి కాదు. అప్పుడప్పుడూ నొక్కి చూస్తుండాలి.

మీటరు వరకు బాధ్యత విద్యుత్ సంస్థది. మీటరు దాటాక ఇంటివాళ్లదే. ఏసీ, గీజరు పెట్టాక వాడకం పెరుగుతుంది కాబట్టి, ఎప్పుడో అర కిలోవాటుకో కిలోవాటుకో రాయించుకున్న లోడును కూడా పెంచుకోవాలి.

కాగితాలు బీరువాలో కాదు
పని పూర్తయ్యాక వైర్ల బిల్లులు, పరీక్ష నివేదిక, గోడలు పూడ్చకముందు తీసిన ఫొటోలు భద్రం చేసుకోవాలి. ప్రతి గదినీ, అందులోని సామానునీ ఫోనుతో వీడియో తీసుకోవాలి. ఇవన్నీ ఆ ఇంట్లోని బీరువాలోనే దాస్తే, ఇల్లు కాలినప్పుడు అవీ కాలిపోతాయి! ఒక ప్రతి పిల్లల దగ్గరుండాలి. పాలసీ నంబరు కూడా.

ప్రమాదం జరిగితే ముందు మెయిన్ ఆపి, మనుషులు బయటపడి, 101కి ఫోను చేయాలి. విద్యుత్ మంటల మీద నీళ్లు పోయకూడదు. ఆ తరువాత ఆలస్యం చేయకుండా బీమా కంపెనీకి కబురు చేయాలి. అగ్నిమాపక శాఖ నివేదిక తీసుకోవాలి. సర్వేయరు వచ్చి చూసేదాకా కాలిన సామాను పారేయకూడదు. పరిహారం విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తే మొదట కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

బీమా కాలిన గోడను మళ్లీ కట్టిస్తుంది. కాలిన పెళ్లి ఫొటోలనూ, అటకమీద అమ్మమ్మ ఇత్తడి బిందెలనూ తెచ్చివ్వలేదు. ఆ గదిలో నిద్రపోతున్న పెద్దవాళ్ల విషయం చెప్పనే అక్కర్లేదు. అందుకే వైరు ముందు, పాలసీ తరువాత. రెండూ ఉండాల్సిందే, వరస మాత్రం అదే.

ఏసీ పంపించే కొడుకులు, గీజరు కొనిచ్చే కూతుళ్లు దాంతోపాటు మరో పని చేయాలి. ఫోనులో 'చల్లగా ఉందా నాన్నా?' అని అడగటంతో ఆగకుండా 'స్విచ్‌బోర్డు మీద ఓసారి చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉందా?' అని కూడా అడగాలి. 'ఆఁ, కాస్త వెచ్చగానే ఉంది' అని జవాబు వస్తే... ఈసారి సెలవుల్లో ఊరెళ్లినప్పుడు చేయాల్సిన మొదటి పని ఏమిటో తెలిసినట్టే. అప్పటిదాకా ఆ ప్లగ్గు మీద ఏసీ వేయొద్దని చెప్పాలి. నాలుగు రాత్రులు ఉక్కపోసినా ఫర్వాలేదు.